ఇంజనుకు దమ్ము – దమ్ముకు హద్దు

తెలుగు బోధించే ఉపన్యాసకుడు మోటారు ఇంజనును గురించి వ్యాసం వ్రాయబూనడం పాఠకులకు వింతగా తోచవచ్చు. ఈ సంచికకు ప్రతి సంవత్సరం నేను శతక వాఙ్మయాన్ని గురించో, ప్రబంధ కవులను గురించో వ్రాస్తూ వచ్చాను. ఈసారి దారి మార్చుకోవడానికి రెండు కారణాలున్నాయి. నేను గ్రంథాలయంలో ఎంతకాలం గడిపానో మా మేనమామ గారి మెకానిక్ షెడ్డులో దాదాపు అంతకాలమే గడిపాను. ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వస్తే నా మకాం అక్కడే. హెడ్డు దించడం, వాల్వులు నూరడం, రింగులు మార్చడం అన్నీ నా కళ్ళ ముందు జరిగినవే. కనుక ఈ విషయంలో నేను పండితుణ్ణి కాకపోయినా పరాయివాణ్ణి కాను. రెండవ కారణం చెప్పుకోవడానికి కొంత కష్టమైనది.

మూడేళ్ళ క్రితం మన కళాశాలలో డిగ్రీ ముగించిన ఒక విద్యార్థి నిరుడు వేసవిలో మా ఇంటికి వచ్చాడు. పేరు చెప్పను, ఈ సంచిక అతడి చేతికి కూడా అందుతుంది. అతడి తండ్రి అద్దెకారు నడుపుతారు. ఆ ఇంటికి ఆ కారే ఆధారం. “సార్, ఇంజను పని ఉంది, కొంత పైకం సర్దగలరా?” అని అడిగాడు. ఏమి పని అని నేను అడగలేదు. అడగవలసింది. ఆ పైకంతో అతడు పాత విడిభాగాల అంగడిలో ఒక టర్బో కొని, తెలిసిన వాళ్ళ సాయంతో ఆ పెట్రోలు కారుకు బిగించాడు. మొదటి వారం బండి గాలిలో తేలినట్లు పరుగెత్తిందట. నాలుగవ వారంలో, మంచి ఎండవేళ, నలుగురు ప్రయాణికులతో ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. ఆపకుండా పైదాకా లాగించాడు. పైకి చేరేసరికి మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయడం మానింది. బండి రెండు నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. ఆ రెండు నెలలు ఆ ఇల్లు ఎట్లా గడిచిందో నాకు తెలుసు.

హెడ్డు దించిన రోజున మామూ ఒక పిస్టన్‌ను నా చేతిలో పెట్టారు. రింగులు కూర్చునే గాళ్ళ మధ్యనున్న సన్నని కట్టు విరిగి ఉంది. అంచున అల్యూమినియం ఎలుక కొరికినట్లుగా పోయింది. “నువ్వు మాష్టరువి కదా బేటా, ఇది ఎందుకు విరిగిందో నీ శిష్యుడికి చెప్పు” అన్నారు. ఆనాడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మాటల దగ్గరనే మొదలుపెడతాను, నా వృత్తి అది కాబట్టి. బండి బలంగా లాగితే ‘దమ్మున్న బండి’ అంటాం. ఈ మాట ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. అసలు అర్థం ఊపిరి. ఇంజను విషయంలో ఇంతకంటే శాస్త్రీయమైన మాట దొరకదు. ఇంజను బలమంతా అది పీల్చే గాలిలో ఉంది. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, దానిని దహించడానికి సరిపడిన గాలి లేకపోతే అది పొగగా పోతుంది. మామూలు ఇంజను పిస్టన్ దిగినప్పుడు ఏర్పడే వెలితి వల్ల వాతావరణం తనంతట తాను నెట్టిన గాలిని మాత్రమే పీలుస్తుంది. టర్బో అనేది పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదనున్న మరొక చక్రంతో బయటి గాలిని ఒత్తి లోపలికి పంపే సాధనం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖీ 1905లోనే ఈ ఊహకు పేటెంటు పొందాడు. పారవేసే దానితో పని చేయించుకోవడం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. మా విద్యార్థికి కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

ఇక ‘హద్దు’. ఇది అరబ్బీ మాట. ఇంజనులో ఆ హద్దును నిర్ణయించేది సంపీడన నిష్పత్తి. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైనుండే మొత్తం చోటును, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటుతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. పది లీటర్ల గాలిని ఒక లీటరు చోటులోకి అదిమితే నిష్పత్తి పది. ఈ సంఖ్య పెరిగినకొద్దీ అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని వస్తుంది. పాఠ్యపుస్తకాలలోని ఆదర్శ ఆటో చక్రం లెక్క ప్రకారం నిష్పత్తి 8 అయితే ఉష్ణ దక్షత సుమారు 56.5 శాతం, 10 అయితే సుమారు 60 శాతం. నిజమైన ఇంజన్లు ఈ ఆదర్శానికి చాలా దిగువన ఉంటాయి గాని, పోలిక మాత్రం నిలుస్తుంది. కనుకనే ప్రతి తయారీదారుడూ నిష్పత్తిని ఎంత పైకి తీసుకుపోగలడో అంత పైకి తీసుకుపోతాడు. ఎక్కడ ఆగుతాడు? పెట్రోలు ఇక తాళలేనన్న చోట ఆగుతాడు.

ఆ తాళలేకపోవడమే మెకానిక్కులు ‘నాకింగ్’ అనేది. స్పార్కు ప్లగ్గు వద్ద పుట్టిన మంట దహనగది అంతటా ఒక క్రమంలో వ్యాపించాలి. మంట ఇంకా చేరని మూలలోనున్న మిశ్రమాన్ని ఒకవైపు పిస్టన్, మరొకవైపు వ్యాపిస్తున్న మంట కలిసి అదుముతాయి. ఆ మిశ్రమం వేడి మితిమీరితే, మంట తన దగ్గరకు వచ్చేదాకా ఆగకుండా అంతా ఒక్కసారిగా తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బకు పుట్టే పీడన తరంగాలు గదిగోడలకు కొట్టుకోవడమే మనకు వినిపించే టకటక. లోహాన్ని మామూలుగా కాపాడే పలుచని చల్లని వాయుపొరను ఆ తరంగాలు చెదరగొడతాయి. వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. రింగుల మధ్యనున్న కట్టు విరుగుతుంది. మామూ నా చేతిలో పెట్టిన పిస్టన్ కథ అదే.

ఈ హద్దు లోహానిది మాత్రమే కాదు, ఇంధనానిది కూడా. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాలలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో అనే ఇంజనీరు నడుస్తూ ఉండగానే సంపీడన నిష్పత్తిని మార్చగలిగే ఒక ప్రయోగ ఇంజనును నిర్మించి, ఏ ఇంధనం ఎంత నిష్పత్తి దాకా తట్టుకుంటుందో ఒక్కొక్కటిగా పరీక్షించాడు. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిజ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపితే నాకింగ్ అణగుతుందని కనుగొన్నాడు. ఇంజన్ల నిష్పత్తులు దానితో పెరిగాయి, నగరాల గాలిలో సీసమూ పెరిగింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 సంవత్సరం నుంచి అమలైంది. నాకింగ్ హద్దును కొంచెం జరపడం కోసం మానవజాతి ఎనభై ఏళ్ళపాటు తన పిల్లల నెత్తురులోకి విషాన్ని రానిచ్చిందంటే, ఆ హద్దు ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మా విద్యార్థి వాదాన్ని వినాలి. అతడు మూర్ఖుడు కాడు. “లారీలకు, బస్సులకు, జీపులకు టర్బో ఉంది కదా సార్. వాటి సంపీడన నిష్పత్తి 16, 18 కూడా ఉంటుంది. నా బండికి పదే. మరి నాకేమిటి భయం?” అన్నాడు. వినడానికి దిట్టమైన తర్కమే. కాని లారీది డీజిలు ఇంజను. అది అదిమేది ఒట్టి గాలిని. ఇంధనం చివరిక్షణంలో చిమ్మబడుతుంది. గాలి ఎంత వేడెక్కితే అంత మంచిది, తొందరపడి మండడానికి ముందుగా అందులో ఏమీ లేదు. పెట్రోలు ఇంజనులో, ముఖ్యంగా మా విద్యార్థి బండి వంటి దానిలో, ఇంధనం గాలితో కలిసే లోపలికి వెళ్ళి, కలిసే అదమబడుతుంది. డీజిలుకు అన్నం పెట్టే వేడే పెట్రోలుకు ఎసరు పెడుతుంది. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచడం వల్ల చెడిన ఇంజన్లు మా మామూ షెడ్డుకే ఒకటికి మించి వచ్చాయి.

మరి పెట్రోలు విమానాలకు టర్బో పెట్టలేదా అని ఎవరైనా అడగవచ్చు. పెట్టారు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ విమాన ఇంజనుకు టర్బో తగిలించి పైక్స్ పీక్ అనే పర్వతశిఖరం మీదకు, అనగా 14 వేల అడుగుల ఎత్తుకు, తీసుకుపోయి నడిపి చూపాడు. అయితే అక్కడ గాలి పలుచన. ఎత్తు అపహరించిన గాలిని టర్బో తిరిగి తెచ్చి ఇచ్చింది. పోయిన దానిని పూరించడం వేరు, నేలమీద నిండుగా ఉన్నదానికి పైన ఇంకా పోయడం వేరు. కారుకు టర్బో బిగించేవాడు చేసేది రెండవది.

ఈ రంగంలో ప్రచారంలో ఉన్న ఒక లెక్కను గురించి కూడా చెప్పాలి. ఇంజను నిష్పత్తిని టర్బో పీడనంతో గుణిస్తే ‘వాస్తవ నిష్పత్తి’ వస్తుందంటారు. పది నిష్పత్తి గల ఇంజనుకు వాతావరణానికి ఒకటిన్నర రెట్లు పీడనం ఇస్తే పదిహేను అయిందని, అది పన్నెండు దాటకూడదని, ఇట్లా నోటిలెక్కలు చెబుతారు. కుర్రవాళ్ళు దీనిని మంత్రంలా వల్లిస్తారు. నా అభిప్రాయంలో ఈ గుణకారం మేలుకంటే కీడే ఎక్కువ చేసింది. ఘనపరిమాణాల నిష్పత్తిని, పీడనాల నిష్పత్తిని ఒకే జాతి సంఖ్యలుగా భావించడం దీనిలోని మొదటి తప్పు. వేడిని పూర్తిగా మరచిపోవడం రెండవ తప్పు. నాకింగును నడిపించేది ముఖ్యంగా ఆ వేడే.

సరైన లెక్క మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉంది. స్థిరోష్ణక సంపీడనంలో పీడనం నిష్పత్తి యొక్క 1.4 ఘాతం మేరకు, పరమ ఉష్ణోగ్రత 0.4 ఘాతం మేరకు పెరుగుతాయి. గది వేడి 30 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. టర్బో లేని పది నిష్పత్తి ఇంజనులో సంపీడనం ముగిసేసరికి పీడనం వాతావరణానికి సుమారు 25 రెట్లు, వేడి సుమారు 490 డిగ్రీలు. ఇక టర్బో బిగించి ఒకటిన్నర రెట్ల పీడనం ఇద్దాం. గాలిని ఒత్తితే అది వేడెక్కుతుంది; సైకిలు పంపు అడుగు భాగం కాలడం ఎరుగని పిల్లవాడు ఉండడు. నూటికి డెబ్బై పాళ్ళ దక్షత గల టర్బో నుంచి బయటికి వచ్చేసరికి ఆ గాలి వేడి 80 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలినే పది నిష్పత్తితో అదిమితే పీడనం 38 రెట్లకు సమీపిస్తుంది, వేడి 620 డిగ్రీలకు చేరుతుంది. పెట్రోలు మాత్రం అదే పెట్రోలు. నాలుగవ వారం దాకా ఆ ఇంజను ఎట్లా ఓర్చుకున్నదన్నదే ఆశ్చర్యం.

ఇప్పుడు అదే ఇంజను నిష్పత్తిని ఎనిమిదికి తగ్గిద్దాం. టర్బోకు, ఇంజనుకు మధ్య ఇంటర్‌కూలరు పెట్టి గాలిని 50 డిగ్రీలకు చల్లబరుద్దాం. ఒకటిన్నర రెట్ల పీడనమే ఇద్దాం. సంపీడనం చివర పీడనం సుమారు 27 లేక 28 రెట్లు, వేడి సుమారు 470 డిగ్రీలు. మొదట టర్బో లేనప్పుడు ఉన్న స్థితికి దాదాపు సమానం! పీడనం కొంచెం ఎక్కువ, వేడి కొంచెం తక్కువ. అయినా ఇంజను పీల్చిన గాలి నూటికి నలభై పాళ్ళు పెరిగింది. నిష్పత్తిని తగ్గించినందుకు దక్షతలో పోయింది నూటికి ఆరు పాళ్ళు. అటు నలభై, ఇటు ఆరు. ఈ బేరాన్ని కాదనేవాడు ఎవడు?

కాని పోయే ఆరును చిన్నచూపు చూడరాదు. టర్బో బలం అందేది ఇంజను వేగం పుంజుకుని, కాలు గట్టిగా నొక్కినప్పుడు. సంతలో, సిగ్నలు వద్ద, ఊరి వీధుల్లో నడిచే బండికి టర్బో ఉన్నా లేనట్టే. తగ్గించిన నిష్పత్తి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. రోజంతా ఊళ్ళో తిరిగే అద్దెకారుకు అది పెట్రోలు బంకు వద్ద ప్రతిరోజూ కట్టే సుంకం. ఈ సుంకం కట్టడం ఇష్టంలేకనే చాలామంది నిష్పత్తిని ముట్టుకోకుండా టర్బోను మాత్రం తగిలిస్తారు.

1962లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సరిగ్గా ఇదే పని చేసింది. ఓల్డ్స్‌మొబైల్ వారి జెట్‌ఫైర్ అనే కారు టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి. మూడున్నర లీటర్ల అల్యూమినియం ఇంజను, 215 అశ్వశక్తి. సంపీడన నిష్పత్తి 10.25. దానిని తగ్గించడానికి వారు ఇష్టపడలేదు. అందుకు బదులు నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని ఘనమైన పేరు పెట్టారు. ద్రవం ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరచి నాకింగును ఆపుతుంది. శాస్త్రరీత్యా నిర్దుష్టమైన ఉపాయమే. ద్రవం అయిపోతే టర్బో పీడనాన్ని అడ్డగించే రక్షణ కూడా అమర్చారు. అయినా జరిగిందేమిటి? ప్రజలు ఆ తొట్టిని నింపడం మరచిపోయారు. తొట్టి ఖాళీ అయితే బలం పోయేది. బండి చెడిపోయిందని గొణిగేవారు. రెండు సంవత్సరాలలో పదివేలకు లోపుగా మాత్రమే తయారై ఆ కారు ఆగిపోయింది. చివరికి టర్బోను తీసివేసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చేందుకు కంపెనీయే ముందుకు వచ్చింది.

స్వీడనులోని సాబ్ కంపెనీ మరొక దారిన నడిచింది. 1977లో వారు ప్రదర్శించిన 99 టర్బో రెండు లీటర్ల ఇంజను కారు. టర్బో లేనప్పుడు 9.2గా ఉన్న నిష్పత్తిని 7.2కు దించారు. యజమాని ఏ సీసా నింపనవసరం లేదు, ఏదీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. ఇంజను లోపలి ఖాళీయే కాపలా కాసింది. ఆ తరువాత అదే కంపెనీలో పేర్ యిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు నాకింగును చెవిపెట్టి వినే ఒక పరికరాన్ని జతచేశాడు. చప్పుడు మొదలుకాగానే టర్బో పీడనం దానంతట అదే తగ్గుతుంది. 1982లో ఆ ఏర్పాటు వచ్చాకనే వారు నిష్పత్తిని మళ్ళీ 8.5కు పెంచారు. ఈ వరుస గమనించదగినది. ముందు తగ్గారు, వినడం నేర్చారు, ఆ తరువాతనే పెరిగారు. మా విద్యార్థి ఇంజను కూడా టకటకమని చెప్పింది, వినేవాడు లేకపోయాడు.

ఈనాటి కార్లలో టర్బో ఉండి కూడా నిష్పత్తి పది ఉన్నవి ఉన్నాయి కదా అనే ఆక్షేపణ నాకు తెలుసు. ఉన్నాయి. వాటిలో చాలావాటికి పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్మబడి అక్కడే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. స్పార్కు క్షణాన్ని, టర్బో పీడనాన్ని కంప్యూటరు ప్రతి విస్ఫోటనానికీ సరిచూస్తుంది. ఇంత ఉన్నప్పటికీ జపాను మాజ్దా వారి రెండున్నర లీటర్ల స్కైయాక్టివ్ ఇంజనును చూడండి. టర్బో లేనప్పుడు నిష్పత్తి 13. 2016లో దానికే టర్బో జోడించినప్పుడు 10.5. అంత సాంకేతిక సంపద చేతిలో ఉన్నవారే టర్బో కోసం రెండున్నర మెట్లు దిగారు. పాత అంగడిలో కొన్న టర్బోతో మనం ఒక్క మెట్టు కూడా దిగం!

తక్కువ పీడనంతో నడిపితే నిష్పత్తి మార్చకుండానే నెట్టుకురావచ్చునని కొందరు మంచి మెకానిక్కులే అంటారు. వారిని నేను తోసిపుచ్చను. ఇంటర్‌కూలరు పెట్టి, స్పార్కును వెనక్కు జరిపి, మిశ్రమంలో పెట్రోలు పాలు కొంత పెంచి, మీటరు మీద కన్ను వేసి ఉంచితే అది సాధ్యమే. కాని స్పార్కును వెనక్కు జరిపితే పొగగొట్టం వేడెక్కుతుంది, పెట్రోలు పెంచితే ఖర్చు పెరుగుతుంది. పోటీలకు బండి కట్టే సరదా గలవాడు చేసుకోవచ్చు. అతడి ఇంజను పోతే సరదా ఒక్కటే పోతుంది. ఇల్లు గడిపే బండి మీద ఈ ప్రయోగం చేయరాదన్నదే నా పట్టు. 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చింది, దాని ఆక్టేన్ సంఖ్య 95, కాబట్టి ఇక భయం లేదని మరొక వాదం వినవస్తున్నది. ఆక్టేన్ పెరిగిన మాట నిజం. అయితే ఇథనాలులో శక్తి తక్కువ. అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. టర్బోతో గాలి పెరిగినప్పుడు పాత ఇంధన పంపు, పాత ఇంజెక్టర్లు అంత పోయగలవా? పోయలేకపోతే మిశ్రమం పలుచనై వేడి ఇంకా పెరుగుతుంది. ఆక్టేన్ ఇచ్చిన వరాన్ని అది అక్కడే హరిస్తుంది.

నిష్పత్తిని తగ్గించే పద్ధతి గురించి కూడా ఒక మాట. అతడి ఇంజను వంటిదే తీసుకుందాం: మూడు సిలిండర్లు, మొత్తం సుమారు 1000 సి.సి., బోరు 73 మిల్లీమీటర్లు. నిష్పత్తి పది అయితే పిస్టన్ పైన మిగిలే చోటు 37 మిల్లీలీటర్లు. ఎనిమిది కావాలంటే అది 47కు పైబడి ఉండాలి. తేడా పది, పదకొండు మిల్లీలీటర్లు. అనగా రెండు చిన్న చెంచాలు. ఒక కుటుంబం రెండు నెలల తిండి ఆ రెండు చెంచాల చోటులో ఇమిడి ఉన్నది. దీనికి సులభోపాయంగా మందపు గాస్కెట్టు వేయడం, లేదా రెండు గాస్కెట్లు దొంతర పేర్చడం మన షెడ్లలో వాడుక. లెక్క చూస్తే రెండున్నర మిల్లీమీటర్ల మందం అదనంగా కావాలి. కాని పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకు, హెడ్డుకు మధ్య మిల్లీమీటరు చిల్లర సందు మాత్రమే ఉండేటట్లు మొదట అమర్చి ఉంటారు. ఆ ఇరుకులోంచి మిశ్రమం జల్లున చిమ్మి మంటను త్వరగా వ్యాపింపజేస్తుంది. గాస్కెట్టుతో ఆ సందును మూడు రెట్లు చేస్తే మంట మందగిస్తుంది, మూలలోని మిశ్రమానికి భగ్గుమనడానికి వ్యవధి దొరుకుతుంది. నాకింగును ఆపడానికి చేసిన పనే నాకింగును పిలుస్తుంది. నడుమ గుంట ఉన్న పిస్టన్లు వేయడమే సరైన మార్గం. దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేనప్పుడు టర్బో జోలికి పోకపోవడం మంచిది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన రిజిస్ట్రేషను వివరాలు మారిపోయేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని దృఢపరచింది. అద్దెకు తిప్పే బండి యజమానికి ఈ మాట ఒక్కటే చాలాలి.

విద్యార్థిని నిందించడానికి నేనిది వ్రాయలేదు. మన విద్యార్థులలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు మెకానిక్కో, డ్రైవరో, లేత్ మిషను మీద పనిచేసేవారో ఉన్నారు. చేతిపని వారికి పుట్టుకతో వచ్చింది. స్థిరోష్ణక సమీకరణాన్ని వారు ఇంటర్మీడియట్‌లో కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్నవారే. ఆ విద్యార్థికి భౌతికశాస్త్రంలో వచ్చిన మార్కులు నేను చూశాను, మంచి మార్కులే. ఆ సమీకరణం తన తండ్రి బండిలో నిమిషానికి వేలసార్లు జరుగుతున్నదని అతడికి ఎవరూ చెప్పలేదు. షెడ్డులో లెక్క లేదు, తరగతిలో ఇంజను లేదు. మధ్యనున్న గోడ మనం కట్టిందే.

కనుక కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. మామూ షెడ్డులో పనికిరాని ఇంజను హెడ్లు రెండు, సిలిండరు బ్లాకు ఒకటి ఉన్నాయి. ఊరికే ఇస్తానన్నారు. విరిగిన ఆ పిస్టన్‌ను కూడా దాని యజమాని అంగీకారంతో తెచ్చి ఉంచాను. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో బ్యూరెట్లు ఉన్నాయి. హెడ్డును తలక్రిందులుగా బల్లమీద పెట్టి, గాజుపలకతో మూసి, చిన్న రంధ్రం గుండా బ్యూరెట్టుతో కిరసనాయిలు పోస్తే దహనగదిలో ఎన్ని మిల్లీలీటర్ల చోటు ఉన్నదో ఏ విద్యార్థి అయినా కొలవగలడు. గాస్కెట్టు మందం, పిస్టన్ మీది గుంట కలుపుకుంటే నిష్పత్తి తేలుతుంది. ఒక గట్టి బల్ల, నూనె మరకలకు జడవని ఒక మూల, వారానికి ఒక సాయంత్రం అనుమతి చాలు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు లెక్కలు చూసుకుంటామన్నారు, తెలుగులో వివరణ పత్రం నేను వ్రాసి ఇస్తాను, ఉర్దూ శాఖవారు దానిని ఉర్దూలోకి తెస్తామన్నారు. హెడ్డు దించి చూపడానికి మామూ వస్తారు. సహాయకుడిగా తాను వస్తానని ఆ విద్యార్థే అడిగాడు.